కిమోతో సాకేని ఏ వేడి దగ్గర ఆపాలి, ఏ కప్పులో పోయాలి?

నా దగ్గరున్నది క్యోటోలో కొన్న కిమోతో జున్మాయ్ సాకే, 720 మి.లీ. సీసా. సాకే అంటే జపాన్ బియ్యపు మద్యం; కిమోతో అంటే పాతకాలపు పద్ధతిలో సహజంగా పులియబెట్టినది, జున్మాయ్ అంటే విడిగా ఆల్కహాల్ కలపనిది. బియ్యం 65 శాతం మిగిలేదాకా పాలిష్ పట్టినది, ఆల్కహాల్ 15 శాతం. ఈ రకం వెచ్చగానే బాగుంటుందని కొట్టతను చెప్పాడు.

మొదట ఫ్రిజ్‌లోంచి తీసి 10 డిగ్రీల దగ్గర వైన్ గ్లాసులో పోశాను. పులుపు ముందుకొచ్చింది, వాసన అసలు రాలేదు. గింజో రకాలకి (బియ్యం ఇంకా ఎక్కువ పాలిష్ పట్టి చేసే సువాసన సాకేలకి) అదే గ్లాసు ఎంతో బాగా నప్పింది కాబట్టి తప్పు గ్లాసుది కాదనుకుంటా. మైక్రోవేవ్‌లో 40 సెకన్లు పెడితే తొక్కురి (సాకే పోసి వేడిచేసే సన్న మెడ కూజా) మెడ దగ్గర కాలిపోతోంది, అడుగున చల్లగానే ఉంది. ఇక ఆ పద్ధతి మానేశాను.

ఇప్పుడు నీళ్లు 80 డిగ్రీలకి కాచి, పొయ్యి ఆపి, 180 మి.లీ. తొక్కురిని మెడ వరకు ముంచుతున్నాను. థర్మామీటర్ లోపలే ఉంచి చూస్తున్నా. 50 దగ్గర, అంటే అత్సుకాన్ అనే బాగా వేడి స్థాయిలో, ఆవిరి ముక్కుకి ఘాటుగా కొడుతోంది. 40 దగ్గర, నురుకాన్ అనే గోరువెచ్చని స్థాయిలో, అన్నం వార్చినప్పటి కమ్మదనం, చివర్లో చిన్న పులుపు. నాకు కావలసింది సరిగ్గా అదే! కానీ పల్చటి పింగాణీ ఓచోకోలో (చిన్న సాకే కప్పులో) పోశాక రెండు మూడు నిమిషాల్లో ఆ రుచి పోతోంది. కప్పుని ముందుగా వేడినీళ్లతో కడిగినా పెద్ద తేడా లేదు.

ఈ సాకేని 45కి కాచి మందపాటి మట్టి గుయినోమిలో (ఓచోకో కంటే కాస్త పెద్ద కప్పులో) పోయాలా, 40 దగ్గరే ఆపి చిన్న ఓచోకోలో గుక్కెడు గుక్కెడుగా పోసుకోవాలా?