కాపర్ టీ తీయించుకోవడం అపోహల వల్లేనా?

నారాయణపేట ఉపాధ్యాయుడు:
మా పాఠశాలలో జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక వక్త, గర్భం రాకుండా గర్భసంచిలో వేసే, పదేళ్లు పనిచేసే కాపర్ టీని మన ప్రాంతపు ఆడవాళ్లు ఏడాది తిరగకుండానే తీయించుకోవడానికి అపోహలే కారణమన్నారు. అది గర్భసంచిలోంచి పైకి పాకి గుండెకు చేరుతుందన్న మాట నేనూ విన్నాను కనుక ఆయన వాదన నాకు సబబుగానే తోచింది. అవగాహన పెంచితే సరిపోదా?

దేవరకొండ వైపు విశ్రాంత ఏఎన్ఎం:
సార్, గుండెకు పాకుతుందని భయపడేవారు అసలు వేయించుకోనే వేయించుకోరు. వేయించుకున్నాక తీయించుకునేవారి సంగతి వేరు. మొదటి మూడు నుంచి ఆరు నెలల వరకు ముట్టు ఎక్కువ కావడం, కడుపులో నొప్పి రావడం మామూలే, చాలామందికి ఆ తర్వాత తగ్గుతుంది, మందులూ ఉన్నాయి. అయితే కాన్పయిన 48 గంటల్లోపు వేసేటప్పుడు, అలసి సోలిపోయిన బాలింతకు ఇదంతా ఎవరు చెబుతారు, చెప్పినా ఆమె చెవికెక్కుతుందా? నెలసరి మళ్లీ మొదలై, రోజుకు రెండు బట్టలు మార్చేచోట ఐదు మార్చవలసి వచ్చినప్పుడు గానీ ఆమెకు తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉంది. అలాంటి ఒంటికి అధిక రక్తస్రావం అపోహ ఎలా అవుతుంది?

కోస్గి పాఠకురాలు:
మా ఊళ్లో చాలా ఇళ్లు మేస్త్రీ వెంట పుణెకు వలస పోతాయి. రేకుల గుడిసెల మధ్య అందరికీ ఒకటే నీళ్ల డ్రమ్ము ఉండేచోట, ఆ ఐదు బట్టలు ఉతికేదెక్కడ, ఆరేసేదెక్కడ? నేను గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే అంతరా ఇంజెక్షన్‌కు మారాను. ముట్టు ఆగిపోయేసరికి మా అత్తమ్మ కడుపొచ్చిందేమోనని అనుమానపడింది. తర్వాతి సూది తేదీకి నేను పనిలో, కార్డు ఊళ్లో. అలా ఆగిపోయింది.

నల్లగొండ పాఠకుడు:
ఇంత యాతన ఎందుకు? ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ చేయిస్తే సరిపోతుంది కదా, మన దగ్గర అందరూ చేసేది అదే.

దేవరకొండ వైపు విశ్రాంత ఏఎన్ఎం:
ఇద్దరు పిల్లల మధ్య ఎడం కావాలనుకునే ఇరవై రెండేళ్ల పిల్లకు ఆపరేషన్ జవాబు కాదు బాబూ. పైగా అదేమీ చిన్న విషయం కాదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో నలుగురు చనిపోయారు. మగవాళ్ల ఆపరేషన్ ఇంతకంటే చిన్నదే అయినా ఈ చర్చలో దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఉపాధ్యాయుడు గారి ప్రశ్నకు ఇంకొక్క మాట. రక్తస్రావం తట్టుకోలేక తీయమని మూడుసార్లు వచ్చిన ఒకామెను, పైవాళ్లు లెక్కలు అడుగుతారన్న భయంతో, ‘ఇంకో నెల చూడమ్మా’ అని నేనే తిప్పి పంపాను. ఆమె ఊళ్లోని ఆర్ఎంపీకి డబ్బిచ్చి తీయించుకుంది. ఆ తర్వాత నేనక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ వాడలో ఒక్కరూ కాపర్ టీకి ఒప్పుకోలేదు.