బ్రిటన్‌లో కొత్త ఉద్యోగం: సంతకం పెట్టే ముందే సెలవుల సంగతి తేల్చుకోండి

మీ ఆఫర్ లెటర్‌లో “బ్యాంక్ హాలిడేలతో కలిపి 28 రోజులు” అని ఉందనీ, ఇంకొన్ని రోజులు అడిగితే ఉద్యోగమే చేజారుతుందేమోనని భయంగా ఉందనీ రాశారు. ముందు ఆ 28 సంగతి చూద్దాం. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి ఏటా 5.6 వారాలు, అంటే సరిగ్గా 28 రోజులు, జీతంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలని ఇక్కడి చట్టం చెబుతోంది. బ్యాంక్ హాలిడేలను, అంటే ఇక్కడి ప్రభుత్వ సెలవు దినాలను, అందులోనే కలుపుకొనే వీలు కూడా యజమానికి ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అవి మామూలుగా ఎనిమిది కాబట్టి మీరు కోరుకున్నప్పుడు పెట్టుకోవడానికి మిగిలేవి ఇరవయ్యే. అంటే ఆ కంపెనీ చట్టం ఇవ్వమన్నదానికి మించి ఒక్క రోజు కూడా ఇవ్వడం లేదు. “25 రోజులు, బ్యాంక్ హాలిడేలు అదనం” అన్నచోట అంకె చిన్నదిగా కనిపించినా మొత్తం 33 అవుతాయి. అందుచేత మీరు అడగబోయేది గొంతెమ్మ కోరికేమీ కాదు.

అడగవలసిన సమయం ఆఫర్ చేతికి వచ్చాక, సంతకం పెట్టక ముందు. అప్పటికి వాళ్లు మిమ్మల్ని ఎంచుకున్నారు, మీరింకా ఒప్పుకోలేదు. జీతం పెంచడానికి వీల్లేదన్న కంపెనీ కూడా మూడు నాలుగు రోజుల సెలవు దగ్గర మెత్తబడవచ్చు. “మా దగ్గర అందరికీ ఒకటే పాలసీ” అంటే, జీతంలో కోతతో అదనపు సెలవులు కొనుక్కునే పథకం ఉందేమో, మిగిలినవి వచ్చే ఏడాదికి ఎన్ని మోసుకుపోవచ్చో అడగండి.

నా దృష్టిలో మనవాళ్లకు రోజుల సంఖ్య కన్నా అవి వరుసగా దొరకడమే ముఖ్యం. ఇండియా వెళ్లి తల్లిదండ్రుల దగ్గర నిలకడగా ఉండాలంటే రెండు వారాలు ఏ మూలకూ చాలవు. మీరు కోరిన తేదీలను తగినంత ముందుగా చెప్పి నిరాకరించే హక్కు యజమానికి ఉంది. పైగా మొదటి ఏడాది సెలవును నెలకు పన్నెండో వంతు చొప్పున మాత్రమే జమచేసే పద్ధతి కూడా పెట్టుకోవచ్చు. సెప్టెంబరులో చేరి డిసెంబరులో నాలుగు వారాలు కావాలంటే ఇబ్బంది అక్కడే వస్తుంది. ఇంట్లో పెళ్లి ముహూర్తం ఇప్పటికే ఖాయమై ఉంటే దాచకుండా ఇప్పుడే చెప్పండి. ఈమెయిల్ ఈ తీరున ఉంటే చాలు: “ఆఫర్‌కు కృతజ్ఞతలు, చేరడానికి ఉత్సాహంగా ఉన్నాను. వార్షిక సెలవును బ్యాంక్ హాలిడేలు కాక 25 రోజులు చేయగలరా? అలాగే డిసెంబరులో ముందే నిశ్చయమైన నాలుగు వారాల ప్రయాణాన్ని ఆమోదిస్తున్నట్లు కాంట్రాక్ట్‌లో చేర్చగలరా?” ఇంతకు మించిన సంజాయిషీలు అక్కర్లేదు.

“చాలకపోతే జీతం లేకుండా వెళ్లి రండి” అని మేనేజరు అన్నా, స్నేహితులు సలహా ఇచ్చినా దయచేసి తొందరపడకండి. మీరు స్కిల్డ్ వర్కర్ వీసా మీద, అంటే యజమాని స్పాన్సర్‌షిప్ మీద ఆధారపడిన వీసా మీద, ఉన్నారు. ప్రసూతి, అనారోగ్యం వంటి కొన్ని కారణాలు మినహాయిస్తే, ఒక క్యాలెండర్ సంవత్సరంలో జీతం లేని సెలవు మొత్తం నాలుగు వారాలు దాటితే యజమాని స్పాన్సర్‌షిప్ ఆపేయవలసిన పరిస్థితి రావచ్చు. ఈ ఒక్క నిబంధన తెలియక వీసాకే ముప్పు తెచ్చుకోవడం ఎంత బాధాకరమో ఆలోచించండి. జీతంతో కూడిన రోజులనే గట్టిగా అడగమని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే.

ఫోన్‌లో రిక్రూటర్ ఇచ్చిన మాటను లెక్కలోకి తీసుకోకండి. ఒప్పుకున్న మేనేజరు రేపు మారిపోవచ్చు. 2020 ఏప్రిల్ 6 నుంచి, చేరిన మొదటి రోజుకల్లా సెలవుల వివరాలతో సహా ఉద్యోగ షరతులను రాతపూర్వకంగా ఇవ్వడం యజమాని బాధ్యత. సవరించిన కాగితం వచ్చాక మొత్తం రోజులు, బ్యాంక్ హాలిడేల ప్రస్తావన, సెలవుల సంవత్సరం మొదలయ్యే నెల, మీరడిగిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఏదైనా వాక్యం అర్థం కాకపోతే ఉద్యోగ హక్కులపై సలహా ఇచ్చే ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ ఏకాస్ (Acas) హెల్ప్‌లైన్‌లో ఉచితంగా సలహా ఇస్తారు. అవన్నీ సరిపోయాకే సంతకం పెట్టండి, ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఆ తర్వాతే ఇవ్వండి.