మితవాదిని ఓడించిన మితవాదులు

అనువాదకురాలు, విజయవాడ:

పెద్దలకు నమస్కారం. ఒక మాసపత్రిక కోసం అమెరికా రాష్ట్ర రాజకీయాల మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. 2010 మార్చి 2న టెక్సస్‌లో రిపబ్లికన్లు తమ గవర్నర్ అభ్యర్థిని తేల్చుకున్న సందర్భం అది. రంగంలో ముగ్గురు: అప్పటికే గవర్నర్‌గా ఉన్న రిక్ పెర్రీ, 1993 నుంచి సెనేటర్‌గా ఉన్న కే బెయిలీ హచిసన్, వార్టన్ కౌంటీలో పార్టీ బాధ్యతలు చూసిన డెబ్రా మెదీనా. ఒక్క వాక్యం దగ్గర రెండు రోజులుగా బండి కదలడం లేదు. ‘గ్రాస్‌రూట్స్ కన్సర్వేటివ్స్’, ‘ప్రైమరీ’, ‘మోడరేట్’ అన్న ఇంగ్లీషు మాటలకు నిఘంటువు చెప్పినట్టల్లా రాసుకుంటూ పోతే ఇలా తేలింది:

‘గడ్డివేళ్ళ మితవాదులు గవర్నర్ ప్రాథమిక ఎన్నికలో మితవాది అయిన హచిసన్‌ను ఓడించారు.’

మితవాదులు మితవాదిని ఎందుకు ఓడిస్తారో రాసిన నాకే అర్థం కాలేదు. ఆదుకోండి.

పూర్వ ఉపసంపాదకుడు, హైదరాబాద్:

అమ్మా, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. డెస్కులో కూర్చున్నన్నాళ్ళూ బ్రిటన్ ప్రధాని థాచర్‌ను, అమెరికా అధ్యక్షుడు రేగన్‌ను, కుడిపక్షం వాళ్ళిద్దరినీ, ‘మితవాద నేతలు’ అని రాసినవాణ్ణి. రాత్రి రెండో ఎడిషన్ వేళ ఎవరూ అడగరు కదా, దర్జాగా అచ్చయిపోయేది.

ఈ మాటకు రెండు పుట్టుకలున్నాయి. మొదటిది స్వాతంత్ర్యోద్యమ పాఠం. 1907లో సూరత్ కాంగ్రెస్ చీలినప్పుడు తిలక్ వైపువారు అతివాదులు, గోఖలే వైపువారు మితవాదులు. మహజర్లు పెట్టుకుని, ప్రభుత్వాన్ని ఒప్పించి, ఒక్కో మెట్టు ఎక్కుదామనేవారు. అదే ఏడాది బిపిన్ చంద్రపాల్ మన కోస్తా పట్టణాలు తిరిగి ప్రసంగించాక రాజమండ్రి విద్యార్థులు అతివాదుల వైపే మొగ్గారని అందరికీ తెలుసు. ఇక్కడ ‘మితం’లో తప్పేమీ లేదు.

రెండో పుట్టుక కమ్యూనిస్టు పత్రికల్లో జరిగిందని నా అనుమానం. పార్టీ లోపలి తగాదాలో పోరాటాన్ని నీరుగారుస్తున్నాడనుకున్నవాణ్ణి ‘మితవాద అవకాశవాది’ అన్నారు. కమ్యూనిస్టుల గదిలో కుడిపక్కన కూర్చున్నవాడు నిజంగానే మితవాది, కనుక ఆ గది వరకు మాట అతికింది. మేము దాన్ని గది దాటించి ప్రపంచంలోని కుడిపక్షాలన్నిటికీ తొడిగాం. పన్నులన్నీ ఎత్తివేయాలని, కేంద్రం మాట వినేది లేదని గొంతు చించుకునే మనిషిలో మితం ఎక్కడుంది?

ఇంకొక అనుమానం కూడా చెప్పి ఊరుకుంటాను. ఫ్రాన్సులో 1789 నాటి సభలో ఎవరు ఏ పక్కన కూర్చున్నారన్న దాని నుంచే ఈ కుడి ఎడమలు పుట్టాయి. ఎడమకు ‘వామపక్షం’ చక్కగా కుదురుకుంది. కుడికి ‘దక్షిణపక్షం’ మాత్రం నిలవలేదు. దక్షిణ అంటే మనకు ఒక దిక్కు, లేదా తాంబూలంలో పెట్టే రూపాయి. ఆ ఖాళీలోకే ‘మితవాదం’ దూరింది.

మీ వాక్యంలో రెండో ‘మితవాది’ని ఉంచండి, హచిసన్‌కు సరిపోతుంది. మొదటిదాన్ని కొట్టేయండి.

డాలస్ నుంచి ఒక ఇంజినీరు:

నేను ఇక్కడ ఓటు వేస్తాను కాబట్టి ‘ప్రాథమిక ఎన్నిక’ గురించి రెండు మాటలు. ప్రాథమిక పాఠశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం విన్న చెవికి ఇదేదో చిన్న స్థాయి ఎన్నిక అనిపిస్తుంది. నిజానికి టెక్సస్‌లో ఏళ్ళ తరబడి రాష్ట్రస్థాయి పదవులన్నీ రిపబ్లికన్లవే కావడంతో, అసలు పోరు చాలాసార్లు ఇక్కడే ముగుస్తుంది. నవంబరులో పార్టీల మధ్య జరిగే ఎన్నిక లాంఛనం.

మన పాఠకుడికి బి-ఫారం గుర్తుచేస్తే చాలు. మన దగ్గర పార్టీ అధ్యక్షుడి సంతకంతో వచ్చే ఆ కాగితం కోసం నామినేషన్ల ఆఖరు రోజు మధ్యాహ్నం మూడు గంటల దాకా కారులో కూర్చుని ఎదురుచూసే నాయకులున్నారు. ఇక్కడ ఆ సంతకం ఓటరు పెడతాడు. అదీ తేడా.

టెక్సస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు చెప్పనక్కరలేదు. ప్రైమరీ రోజున బల్ల దగ్గర ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడుగుతారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బల్ల వెనక పెద్దావిడ గట్టిగానే అడిగింది. నా వెనక వరుసలో మా వీధి తెలుగువాళ్ళు ఇద్దరు. ఓటు ఎవరికన్నది ఇంట్లో కూడా బయటపెట్టని కుటుంబం మాది. గుటక మింగి, ముందుకు వంగి, చెవిలో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ ‘ఏమన్నారు?’ అని ఇంకా గట్టిగా అడిగింది.

మీ వాక్యంలో విషయపరంగా కూడా ఒక లోపం ఉంది. ఊరూరా జెండా పట్టిన జనం ఒకవైపే లేరు. పెర్రీ 2009 ఏప్రిల్‌లోనే ‘టీ పార్టీ’ పేరుతో జరిగిన పన్నుల వ్యతిరేక సభల్లో మాట్లాడి ఆ గాలిని తన వైపు తిప్పుకున్నారు. మెదీనా ఆ గాలిలోంచే లేచారు. ఆస్తి పన్ను రద్దు, తుపాకీ హక్కు, వాషింగ్టన్ జోక్యం వద్దు అన్నవి ఆవిడ మాటలు. జనవరిలో టీవీ చర్చలకు వచ్చాక బాగా పుంజుకున్నారు. ఫిబ్రవరిలో రేడియోలో వ్యాఖ్యాత గ్లెన్ బెక్ సెప్టెంబరు 11 దాడుల్లో ప్రభుత్వం చేయి ఉందన్న పుకారు గురించి అడిగితే సూటిగా కొట్టిపారేయలేదు. అక్కడ దెబ్బతిన్నారు. చివరికి పెర్రీకి 51 శాతం, హచిసన్‌కు 30, మెదీనాకు 18 పైచిలుకు. ఎవరూ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ పెడతారు. పెర్రీ ఒక్క శాతంతో ఆ గండం గట్టెక్కారు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, కరీంనగర్:

‘గవర్నర్’ మాట అనువదించనక్కరలేదు గాని, ఒక్కసారైనా ‘ప్రజలు ఎన్నుకునే’ అని చేర్చండి. మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ఇక తెలుగువాళ్ళకు ఆ మాట వినగానే 1984 ఆగస్టు 16 మనసులో మెదులుతుంది. గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తీసేయడం, సరిగ్గా నెలకు ఆయన మళ్ళీ గద్దెనెక్కడం. అంటే మన జ్ఞాపకంలో గవర్నర్ ఓట్లతో వచ్చినవాణ్ణి దించే మనిషి, అక్కడ ఓట్లతో వచ్చేదే ఆయన. పనిని బట్టి చూస్తే మన ముఖ్యమంత్రికి దగ్గర. అలాగని ముఖ్యమంత్రి అని రాయకండి, అక్కడ శాసనసభలో బలం నిరూపించుకునే పని లేదు.

‘కన్సర్వేటివ్’కు కొందరు రాసే ‘సంప్రదాయవాది’ కూడా నాకు మింగుడుపడటం లేదు. ఆ మాట చదివితే మా నాయనమ్మ మడిబట్ట కనిపిస్తుంది. ‘ఛాందసుడు’ ఇంకా అన్యాయం. ఛందస్సు అంటే వేదం కాబట్టి ఒకప్పుడు వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. ఇప్పుడది తిట్టు.

పూర్వ ఉపసంపాదకుడు:

ఇలాంటి కన్సర్వేటివ్‌లు మనకూ ఉన్నారండీ. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా. పర్మిట్లు, లైసెన్సులు వద్దు, రైతు భూమి జోలికి రావద్దు అన్న పార్టీ. రంగా గారిని సంప్రదాయవాది అనడానికి నోరు రాదు, రైతు నాయకుడాయన. మనుషులు ఉన్నా మాట పుట్టించుకోలేదు. పార్టీ పోయాక ఆ అవసరం కూడా పోయింది. బ్రిటన్ పార్టీని ‘కన్సర్వేటివ్’ అనే రాస్తున్నాం, ఇక్కడా అదే ఉంచడం మేలు.

ఖరగ్‌పూర్‌లో పెరిగిన తెలుగువాడు:

‘గడ్డివేళ్ళు’ అన్నందుకు ఎవరూ నవ్వకండి. మా రైల్వే కాలనీ గోడల మీద ఆ మాట రోజూ చదివేవాణ్ణి. తృణం, మూలం: తృణమూల్. 1998లో పుట్టిన ఆ పార్టీ పేరును తెలుగు పత్రికలు నిత్యం అచ్చువేస్తాయి గాని, అందులో గడ్డి ఉందని గమనించినవారు తక్కువ. బెంగాలీలు ఇంగ్లీషు మాటను విడదీసి సంస్కృతంలో కుట్టుకున్నారు, అది వాళ్ళకు అతికింది.

మనకు అతకదు. ‘అట్టడుగు’ అంటే అణగారిన వర్గాలు గుర్తొస్తాయి, వార్టన్ కౌంటీ రిపబ్లికన్లు ఆ కోవకు చెందరు. ‘క్షేత్రస్థాయి’ అంటే కలెక్టరు గారి పర్యటన. నా దృష్టిలో దీనికి మన రాజకీయాల్లో సిద్ధంగా ఉన్న మాట ‘జెండా మోసినవాళ్ళు’. టికెట్ రానివాడు పార్టీ కార్యాలయం ముందు కుర్చీలు విరగ్గొట్టేటప్పుడు అనే మాట ఇదే కదా: జెండా మోసినవాళ్ళకు అన్యాయం జరిగిందని.

డాలస్ ఇంజినీరు:

అద్భుతం. టెక్సస్‌లో ప్రతి పోలింగ్ ప్రాంతానికి పార్టీ తరఫున ఒకరు ఉంటారు. జీతం లేదు, ప్రైమరీలోనే ఎన్నికవుతారు. తలుపు తట్టడం, ఫోన్లు చేయడం, మండుటెండలో నిలబడటం వాళ్ళ వంతు. ‘జెండా మోసినవాళ్ళు’ అంటే అచ్చం వాళ్ళే.

కొత్త సభ్యుడు:

ఇంత శ్రమ ఎందుకండీ, అన్నీ ఇంగ్లీషు మాటలే తెలుగు లిపిలో రాస్తే సరిపోదా?

అనువాదకురాలు:

రాశానండీ, మొదట అలాగే. మా అమ్మకు చదివి వినిపిస్తే ‘ఇందులో నీది ఏముంది’ అంది.

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు ఇలా మార్చాను:

‘ప్రజలే ఎన్నుకునే గవర్నర్ పదవికి పార్టీ టికెట్ ఎవరిదో ఓటర్లే తేల్చే ప్రైమరీలో, జెండా మోసిన కన్సర్వేటివ్‌లు కొందరు పెర్రీ వెంట, కొందరు మెదీనా వెంట నడిచి, మితవాది అన్న ముద్ర పడిన హచిసన్‌ను పక్కనపెట్టారు.’

ఇంకొక చిక్కు. 2008లో కూలుతున్న బ్యాంకులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే ‘బెయిలౌట్’ బిల్లుకు హచిసన్ ఓటు వేశారు. దాన్ని పట్టుకుని పెర్రీ శిబిరం ఆవిడ పేరులోని ‘బెయిలీ’ని ‘బెయిలౌట్’గా మార్చి ‘కే బెయిలౌట్’ అని ఎద్దేవా చేసింది. దీనికి దారి ఉందా?

విశ్రాంత ఉపాధ్యాయురాలు:

శ్లేషకు అనువాదం లేదమ్మా. నన్నయ గారిని పిలిచినా ఉండదు. ఉన్నదున్నట్టు రాసి, పక్కన అర వాక్యం వివరణ ఇచ్చి ముందుకు సాగండి.

పూర్వ ఉపసంపాదకుడు:

వాక్యం బాగుంది, కాలమ్‌లో పట్టదు. ‘ఎవరిదో’ దగ్గర విరవండి. ‘టీ పార్టీ’ని ఏం చేశారు? వ్యాసంలో ఎక్కడో తగిలే ఉంటుంది.

అనువాదకురాలు:

అలాగే ఉంచాను. 1773లో బోస్టన్ రేవులో పన్ను మీద కోపంతో తేయాకు పెట్టెలు సముద్రంలో పారేసిన ఘటన నుంచి ఆ పేరు వచ్చిందని ఒక వాక్యం కూడా చేర్చాను. ఉపశీర్షిక ‘టీ పార్టీ, గవర్నర్’ అని పెట్టి పంపితే, ఈ రోజు పత్రిక నుంచి ప్రూఫు వచ్చింది. పేజీ నిండా టెక్సస్ ఎన్నికల లెక్కలు, పైన పెద్ద అక్షరాల్లో ‘గవర్నర్ తేనీటి విందు’.