అప్‌డేట్: పిల్ల మోడల్ సేవ్ చేస్తే సిగ్నల్ ఎందుకు రాలేదో దొరికింది

నా సమస్య ఇది: గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టుకి జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ‘లాట్’ పేరెంట్ మోడల్ (మోడల్ అంటే డేటాబేస్ టేబుల్‌కి సరిపడే క్లాసు), దాని కింద మిర్చి రకాల పేర్లతో పిల్ల మోడళ్లు ‘తేజ లాట్’, ‘బ్యాడిగి లాట్’. సేవ్ అవగానే నా ఫంక్షన్‌ని పిలిచే పోస్ట్_సేవ్ సిగ్నల్‌ని లాట్ మీద పెట్టాను. తేజ లాట్ సేవ్ చేస్తే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క కదలదు.

సెండర్ (సిగ్నల్ ఏ మోడల్ నుంచి రావాలో చెప్పే సెట్టింగ్) చూడమని ఒక అన్న సలహా ఇచ్చారు, ఆయన చెప్పిందే నిజం. సెండర్‌గా లాట్ ఇస్తే జాంగో కచ్చితంగా ఆ క్లాసునే చూస్తుంది, దాని పిల్లల్ని లెక్కలోకి తీసుకోదు. డేటాబేస్‌లో రెండు టేబుళ్లలోనూ రో పడుతుంది, నేను బోల్తా పడింది అక్కడే. సిగ్నల్ మాత్రం తేజ లాట్ పేరు మీదే వెళ్తుంది. ప్రాక్సీ మోడల్‌దీ (సొంత టేబుల్ లేకుండా పేరెంట్ టేబుల్‌నే వాడే పిల్ల మోడల్) అదే వరస.

సెండర్ తీసేశాను, అంటే ఏ మోడల్ సేవ్ అయినా సిగ్నల్ వస్తుంది. ఇక చూడండి, ఎవరైనా లాగిన్ అయి సెషన్ సేవ్ అయినా నా ఫంక్షన్ లేచి కూర్చుంటోంది! లోపల మొదటి లైన్లోనే ‘ఇజ్‌సబ్‌క్లాస్’తో సెండర్ లాట్ వంశమేనా అని చూసి, కాకపోతే వెనక్కి పంపేస్తున్నాను.

అయినా 40 టిక్కీలు 80 అయ్యాయి. సాయంత్రమంతా టెన్షన్. సిగ్నల్స్ ఫైల్ రెండు వేర్వేరు దారుల్లో ఇంపోర్ట్ అయి, రిసీవర్ (సిగ్నల్ అందుకునే నా ఫంక్షన్) రెండుసార్లు రిజిస్టర్ అయిందట. ఇంపోర్ట్‌ను యాప్‌కాన్ఫిగ్ రెడీలో (యాప్ మొదలైనప్పుడు నడిచే ఫంక్షన్) ఒక్కచోటే ఉంచి, ఒకే రిసీవర్ రెండోసారి రిజిస్టర్ కాకుండా ఆపే గుర్తు డిస్పాచ్_యూఐడీ కూడా ఇచ్చాను. సరిపోయింది.

క్వెరీసెట్ అప్‌డేట్‌తో (చాలా రోలను ఒకేసారి డేటాబేస్‌లో మార్చే పద్ధతి) మార్చే లాట్లకు ఈ సిగ్నల్ ఎలాగూ రాదు. వాటిని ప్రస్తుతానికి లూప్‌లో ఒక్కొక్కటే సేవ్ చేస్తున్నాను.