కన్సోల్ పోటీలో గెలిచేది బలమైన మెషీనా, మన వాళ్ల దగ్గరున్న మెషీనా?

పాత_క్యాసెట్, విజయవాడ

మా బావమరిది ఈ మధ్యే బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. మొదటి బోనస్‌తో గేమ్ కన్సోల్ కొనుక్కుంటానని, సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) తీసుకోవాలా, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ తీసుకోవాలా అని మా కజిన్స్ గ్రూపులో అడిగాడు. అంతే, అరగంట పాటు ఫోన్ మోగుతూనే ఉంది. సిరీస్ ఎక్స్‌ది 12 టెరాఫ్లాప్స్ (గ్రాఫిక్స్ లెక్కలు చేసే వేగానికి కొలత) అని ఒకడు, పీఎస్5 ది 10.28 అయినా దాని ఎస్‌ఎస్‌డీ వేగం చూడమని ఇంకొకడు. "నీ రూమ్మేట్స్ దగ్గర ఏముందిరా?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఆ ప్రశ్నే ముందు అడగాలని నేనంటాను. మా గ్రూపులో ఒప్పుకోలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

బలమే గెలిపించేదైతే 2006 లెక్క వేరేగా ఉండేది. ఆ ఏడాది అమెరికాలో ప్లేస్టేషన్ 3 ధర 499, 599 డాలర్లు. బ్లూ-రే ప్లేయర్, సెల్ ప్రాసెసర్ దాని గొప్పలు. ఏడాది ముందే వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 కూడా హెచ్‌డీ మెషీనే. నింటెండో వీ అయితే హెచ్‌డీ కూడా ఇవ్వదు, ధర 250 డాలర్లు. చివరికి అమ్మకాల్లో 10 కోట్లు దాటింది ఆ వీ ఒక్కటే. దానికి ముందు తరం చూడండి. ప్లేస్టేషన్ 2 కంటే మొదటి ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్ రెండూ బలమైనవే. ఎక్స్‌బాక్స్ 2.4 కోట్ల దగ్గర, గేమ్‌క్యూబ్ 2.17 కోట్ల దగ్గర ఆగిపోయాయి. పీఎస్2 మాత్రం 15 కోట్లు దాటిపోయింది.

నాకు ఈ నమ్మకం లెక్కల వల్ల రాలేదు, చిన్నప్పుడే వచ్చింది. తొంభైల్లో మా వీధిలో నాలుగైదు ఇళ్లలో టీవీ గేములుండేవి. అన్నీ నింటెండో ఫ్యామికామ్‌కు నకళ్లే, ఒక్కో పెట్టె మీద ఒక్కో పేరు. కానీ ఒకరి క్యాసెట్ ఇంకొకరి పెట్టెలో పట్టేది. కాంట్రా మా ఇంట్లో ఉంటే మారియో ఎదురింట్లో ఉండేది. సెలవుల్లో క్యాసెట్లు వీధంతా తిరిగేవి. మా పెట్టెల్లో పట్టని క్యాసెట్లున్న గొప్ప మెషీన్ ఎవరైనా తెచ్చి ఇచ్చినా మేం తీసుకునేవాళ్లం కాదు. దానితో ఒక్కళ్లమే ఆడుకోవాలి కదా!

సీమ_గేమర్, కర్నూలు

అన్నా, మీకు పనికొచ్చే తరాలే ఏరుకున్నారు. 2013 ఎందుకు వదిలేశారు? పీఎస్4 1.84 టెరాఫ్లాప్స్, ఎక్స్‌బాక్స్ వన్ 1.31. ఒకే గేమ్ పీఎస్4లో 1080పీ, ఎక్స్‌బాక్స్ వన్‌లో 900పీ (అంకె పెద్దదైతే బొమ్మ అంత స్పష్టం) అని పక్కపక్కన పెట్టి చూపించిన వీడియోలు అందరం చూశాం. నేను పీఎస్4 కొన్నది అవి చూసే. 11 కోట్లు దాటి అమ్ముడుపోయింది. ఎక్స్‌బాక్స్ వన్ ఎన్ని అమ్మారో చెప్పడమే మైక్రోసాఫ్ట్ 2015లో ఆపేసింది. ఇక్కడ బలమైనదే గెలిచింది కదా?

వీ సంగతి కూడా సగమే చెప్పారు. ఆ పది కోట్ల మందీ నింటెండోతోనే ఉండిపోతే 2012లో వచ్చిన వీ యూ ఎందుకు 1.36 కోట్ల దగ్గర ఆగిపోయింది? పక్కవాళ్లను చూసి కొన్నవాళ్లు పక్కవాళ్లు మానేయగానే మానేస్తారు. గ్రాఫిక్స్ కోసం కొన్నవాడు పదేళ్లు నిలబడతాడు. మనం ఇంత డబ్బు పెట్టేది టీవీలో బొమ్మ చూసి ఒళ్లు పులకరించాలనే. దాన్ని చిన్నచూపు చూడకండి.

పాత_క్యాసెట్

తమ్ముడూ, చిన్నచూపు కాదు. 2013 మాట నిజమే, బలం తేడా ఉంది, అది కంటికి కనిపించింది కూడా. కానీ ఆ పోటీ ఎటు తిరుగుతుందో టెరాఫ్లాప్స్ కంటే ముందే తెలిసిపోయింది. ఆ ఏడాది జూన్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఎక్స్‌బాక్స్ వన్ 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావాలన్నారు, డిస్కు ఇంకొకరికి ఇవ్వాలన్నా అమ్మాలన్నా షరతులు పెట్టారు. అప్పుడే లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 అనే గేముల ప్రదర్శనలో సోనీ ఒక చిన్న వీడియో వదిలింది. పీఎస్4లో గేమ్ ఎలా పంచుకోవాలో నేర్పిస్తామంటూ ఒకతను ఇంకొకతని చేతికి డిస్కు అందించాడు, అయిపోయింది. అందులో గ్రాఫిక్స్ ఊసే లేదు. కొద్ది రోజులకే, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ ఆ షరతులన్నీ వెనక్కి తీసుకుంది. ఒక పెద్ద కంపెనీని అంత తొందరగా దిగొచ్చేలా చేసింది డిస్కు చేతులు మారడం అనే మామూలు విషయం.

సీమ_గేమర్

అదే రోజు ధర కూడా చెప్పారుగా. పీఎస్4 399 డాలర్లు, కినెక్ట్ కెమెరా తప్పనిసరిగా అంటగట్టిన ఎక్స్‌బాక్స్ వన్ 499. వంద డాలర్ల తేడాను పక్కన పెట్టి డిస్కు వీడియో గెలిపించిందంటే ఎలా?

డల్లాస్_ఇల్లాలు

ధర గురించి నేనొక మాట చెప్తాను. 2008లో మా అత్తయ్యగారు, మామయ్యగారు ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చారు. బయట చలి, కారు నడపలేరు, టీవీలో వాళ్లకు అర్థమయ్యేది ఏమీ లేదు. ఆ టైంలో మా ఆయనకు పీఎస్3 మీద మనసు, నేను వద్దని వీ కొనిపించాను. నిజం చెప్పాలంటే తక్కువ ధర అనే కొన్నాను. వీ స్పోర్ట్స్ దాంతోపాటే వచ్చింది, గేమ్‌కు వేరే డబ్బు పెట్టలేదు.

మామయ్యగారు జన్మలో వీడియో గేమ్ ముట్టుకున్న మనిషి కాదు. రిమోట్ చేతికిచ్చి "బంతి విసిరినట్టు విసరండి మామయ్యా" అన్నాను. మొదటిసారే తొమ్మిది పిన్నులు పడ్డాయి. ఇక రోజూ సాయంత్రం టీ తాగాక బౌలింగే. శనివారాల్లో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇంకో ఇద్దరి తల్లిదండ్రులు కూడా వచ్చేవారు. అత్తయ్యగారు చీర కొంగు దోపుకుని టెన్నిస్ ఆడారంటే మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆ శీతాకాలంలోనే ఆ ఇద్దరి ఇళ్లలోనూ వీ కొన్నారు. వాళ్లకు ప్రాసెసర్ పేరు తెలియదు, మా ఇంట్లో ఆడి చూసి కొన్నారు.

సీమ_గేమర్ గారూ, మీరన్న వీ యూ మేం కొనలేదు. మానేయాలని కాదు. అదొక కొత్త కన్సోల్ అని మాకు తెలియనే లేదు. షాపులో చూసి పాత వీకి కొత్త ట్యాబ్లెట్ ఏదో వచ్చిందనుకున్నాం. నాలాగా అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారని తర్వాత చదివాను. పేరు సరిగ్గా పెట్టకపోతే అంత నష్టం.

లూప్_లోపల, హైదరాబాద్

గేములు తయారుచేసే పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. బలం గురించి ఒక విషయం ఇక్కడ ఎవరూ చెప్పలేదు. కాగితం మీద ఉన్న బలం వేరు, గేమ్‌లోకి దిగే బలం వేరు. పీఎస్3 సెల్ ప్రాసెసర్‌లో మామూలు కోర్ ఒకటే. మిగతా బలమంతా ఎస్‌పీఈలు అనే చిన్న యూనిట్లలో ఉంది. వాటికి ఏ పని ఇవ్వాలి, డేటా ఎప్పుడు అందించాలి అన్నది ప్రోగ్రామరే చేత్తో చూసుకోవాలి. మెమరీ కూడా 256 మెగాబైట్లు ఇటు, 256 అటు. ఎక్స్‌బాక్స్ 360లో 512 అంతా ఒకే చోట ఉంటుంది, ఎవరికి ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు. రెండు మెషీన్లకూ ఒకే గేమ్ చేసే టీమ్‌కు ఎక్కడ టెన్షన్ తక్కువో మీరే ఊహించుకోండి. 2009లో బయోనెటా అనే గేమ్ 360 కోసం తయారై పీఎస్3కి తర్వాత మార్చారు. బలమైనదనే పీఎస్3లోనే అది తడబడింది, లోడింగ్ కూడా ఎక్కువ. పీఎస్3లో అసలు ఎంత సత్తా ఉందో 2013లో ది లాస్ట్ ఆఫ్ అస్ గేమ్ వచ్చినప్పుడు అందరూ చూశారు. పీఎస్4 వచ్చింది కూడా ఆ ఏడాదే. సోనీకి ఆ పాఠం బాగా తెలిసొచ్చింది, అందుకే పీఎస్4ను మామూలు పీసీకి దగ్గరగా కట్టారు. సీమ_గేమర్ గారు చెప్పిన 1080పీ వెనక ఉన్నది ఇదే. ఆ బలం అందరికీ అందే బలం.

ఇంకొకటి, మన ఊరి సంగతి. ఇండియాలోనే పూర్తిగా తయారైన తొలి ప్లేస్టేషన్ గేమ్‌గా 2009లో హనుమాన్: బాయ్ వారియర్ వచ్చింది. చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. ఏ మెషీన్ మీద వచ్చిందో చూడండి: పీఎస్2. అప్పటికే ఇండియాలో పీఎస్3 అమ్మకంలో ఉంది. కానీ ఇక్కడ ఇళ్లలో ఉన్నది పీఎస్2, సోనీ తన మార్కెట్‌ను తాను సరిగ్గానే చదువుకుంది. ఆ గేమ్ గొప్పగా ఉందని నేననను, కానీ మన దగ్గర తయారైన గేమ్ డిస్కు మీద అచ్చయి షాపులోకి రావడం మా తరం డెవలపర్లకు చాలా పెద్ద విషయం.

సేగా_అభిమాని, విశాఖ

అందరూ సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ అంటున్నారు. ఈ చర్చకు అసలు సాక్ష్యం జపాన్ గేమ్ కంపెనీ సేగా. 1995 మే 11న మొదటి ఈ3లో సేగా వాళ్లు వేదికెక్కి మా కొత్త కన్సోల్ శాటర్న్ సెప్టెంబర్‌లో కాదు, ఈ రోజు నుంచే అమ్ముతున్నాం, ధర 399 డాలర్లు అన్నారు. అదీ కొన్ని షాపుల్లోనే. మిగతా షాపులవాళ్లకు ముందు చెప్పనేలేదు. వాళ్లకు ఒళ్లు మండింది, కేబీ టాయ్స్ అనే బొమ్మల షాపులవాళ్లు ఏకంగా సేగా సరుకు అమ్మడమే మానేశారు. గేములు చేసేవాళ్లూ సెప్టెంబర్ లెక్కలోనే ఉన్నారు కాబట్టి షెల్ఫుల్లో గేములు లేవు. తర్వాత సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు.

నా దృష్టిలో అక్కడ పోయింది ధర ఒక్కటే కాదు, నమ్మకం. శాటర్న్ కొన్నవాళ్లు దెబ్బతిన్నారు, అంతకుముందు సేగా పాత కన్సోల్‌కు తగిలించే 32ఎక్స్ కొన్నవాళ్లూ దెబ్బతిన్నారు. అందుకే 1999 సెప్టెంబర్ 9న సేగా తర్వాతి కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ అమెరికాలోకి వచ్చినప్పుడు, ఇంటర్నెట్ మోడెమ్ లోపలే ఉన్న అంత మంచి మెషీన్‌ను చూసి కూడా జనం పీఎస్2 కోసం ఆగారు. పీఎస్2లో డీవీడీ సినిమాలు చూడొచ్చు, పాత ప్లేస్టేషన్ డిస్కులూ ఆడతాయి. పెద్ద గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ డ్రీమ్‌కాస్ట్‌కు ఒక్క గేమ్ కూడా చేయలేదు. 2001 జనవరి ఆఖరున తయారీ ఆపేస్తున్నామని సేగా ప్రకటించింది. నాకు ఆ మెషీన్ అంటే ఇప్పటికీ ప్రాణం. ఇంట్లో పెట్టుకున్నాను, ఇప్పటికీ పనిచేస్తుంది.

పాత_క్యాసెట్ గారూ, మీ వాదనకు నేను ఒకటి కలుపుతాను. మన వాళ్ల దగ్గర ఏముందన్నది ఎంత ముఖ్యమో, వాళ్ల దగ్గర అది రేపటికీ ఉంటుందా అన్నదీ అంతే ముఖ్యం.

సీమ_గేమర్

సరే, ఇంతమంది చెప్పాక బలం ఒక్కటే గెలిపించదని ఒప్పుకుంటున్నాను. లూప్_లోపల గారు చెప్పినది నాకు నిజంగా కొత్త విషయం. కానీ పాత_క్యాసెట్ అన్న వాదనకు ఇప్పుడు కాలం చెల్లిందని నా అనుమానం. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్కు పెట్టే చోటే లేదు, పీఎస్5 డిజిటల్‌లోనూ లేదు. గేమ్ పాస్‌లో నెలకింత కడితే గేములు వస్తున్నాయి. ఇక వీధిలో తిరిగే క్యాసెట్ ఎక్కడిది? ఎవరి అకౌంట్ వాళ్లదే. నా తమ్ముడికి సిరీస్ ఎస్ తీసుకున్నాం, ఇండియాకు వచ్చినప్పుడు 34,990 రూపాయలు, సిరీస్ ఎక్స్, డిస్కున్న పీఎస్5 రెండూ 49,990. వాడు డిస్కన్నది చేత్తో పట్టుకోలేదు, ఏ లోటూ లేదు.

పాత_క్యాసెట్

ఇది గట్టి మాట. రెండు రోజులు ఆలోచించాను, అందుకే ఆలస్యం.

డిస్కు పోతోందన్నది నిజం, నాకు బాధగానూ ఉంది. ఇక్కడ కొత్త గేమ్ నాలుగైదు వేలు. నేను అరువు తెచ్చుకుని, సెకండ్ హ్యాండ్‌లో మార్చుకుని ఆడినవే ఎక్కువ. డిస్కు లేని మెషీన్ కొన్నవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే, మెషీన్‌లో మిగిలిన పదిహేను వేలు మూడు నాలుగు గేములకే ఖర్చయిపోతాయి. గేమ్ పాస్ ఉన్నంతకాలం మీ తమ్ముడికి ఆ లోటు తెలియదు, అది ఒప్పుకుంటాను.

కానీ అకౌంట్ అన్నది డిస్కు కంటే గట్టి ముడి. అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2023లో ఒక ఇంటర్వ్యూలో తనే చెప్పాడు: మేం ఓడిపోకూడని తరంలో ఓడిపోయాం, అందరూ తమ డిజిటల్ లైబ్రరీ కట్టుకున్నది ఆ ఎక్స్‌బాక్స్ వన్ రోజుల్లోనే అని. 2014 జనవరిలో పీఎస్4 ఇండియాకు వచ్చింది, ఎక్స్‌బాక్స్ వన్ సెప్టెంబర్‌కు గానీ రాలేదు. ఆ ఎనిమిది నెలల్లో మా ఆఫీసులో ఆడేవాళ్లందరూ ఒకే వైపు చేరిపోయారు. ఆ ఫ్రెండ్స్ లిస్టే ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు ఎక్స్‌బాక్స్ గేములే పీఎస్5లోకి వస్తున్నాయి. ఒకరి క్యాసెట్ ఇంకొకరి పెట్టెలో పట్టే రోజులు ఆ రకంగా మళ్లీ వస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

సేగా_అభిమాని గారు కలిపిన మాట నా వాదనలో నేను మర్చిపోయిన సగం. డల్లాస్ అక్కగారి మామయ్యగారి బౌలింగ్ మా ఇంట్లో చదివి వినిపించాను.

మా బావమరిది సంగతి: రూమ్మేట్స్‌ను అడగమన్నాను. ముగ్గురిలో ఇద్దరికి ఊళ్లో పీఎస్4 ఉంది, డిస్కులు అక్కడే అటక మీద ఉన్నాయట. అవి పీఎస్5లోనూ ఆడతాయని వాళ్లకు తెలియదు. డిస్కున్న పీఎస్5 బుక్ చేశాడు. దసరాకు వెళ్లి ఆ డిస్కులు తెచ్చుకుంటారట.