స్పానిష్ ఇంపర్ఫెక్ట్: ‘కంతాబ’ ఎక్కడ, ‘కంతే’ ఎక్కడ?

ప్రశ్న:
నమస్కారం. ‘కంతార్’ అంటే పాడడం. దాని ఇంపర్ఫెక్ట్ (గతంలో సాగుతూ ఉన్న, లేదా అలవాటుగా జరిగిన పనిని చెప్పే భూతకాలం) రూపాలు కంతాబ, కంతాబస్, కంతాబ, కంతాబమోస్, కంతాబయిస్, కంతాబన్ అని కంఠస్థం చేశాను. తెలుగులో ‘పాడేవాణ్ణి’ అనే చోటల్లా ‘కంతాబ’, ‘పాడాను’ అనే చోటల్లా, జరిగి ముగిసిన పనిని చెప్పే ‘కంతే’ అని ఒక సూత్రం పెట్టుకున్నాను. అయితే ‘అప్పుడు నాకు పదేళ్ళు’ అన్నదాన్ని ‘తువే దియేస్ అన్యోస్’ అని రాస్తే, మా ఉపాధ్యాయురాలు ‘తెనీఅ’ అని దిద్దారు (‘తెనేర్’, అంటే కలిగి ఉండడం, అన్న క్రియకు ‘కంతే’ వంటి రూపం ‘తువే’, ‘కంతాబ’ వంటి రూపం ‘తెనీఅ’). తెలుగు వాక్యంలో క్రియే లేనప్పుడు కాలాన్ని దేన్నిబట్టి నిర్ణయించాలి?

జవాబు 1:
మీ సూత్రం తప్పు కాదు కానీ, అది అలవాటుకు మాత్రమే సరిపోతుంది. ‘కువాందో మి మాద్రె యమో, యో కంతాబ’ అన్న వాక్యాన్ని చూడండి: ‘అమ్మ పిలిచేసరికి నేను పాడుతున్నాను.’ పిలుపు జరిగి ముగిసింది కాబట్టి ‘యమో’. పాట అప్పటికే సాగుతోంది, ఎప్పుడు ముగిసిందో చెప్పడం లేదు కాబట్టి ‘కంతాబ’. ఇక్కడ తెలుగులో వర్తమానానికి వాడే ‘పాడుతున్నాను’ వచ్చింది చూశారా, అందుకే తెలుగు రూపాన్ని కాకుండా పనికి ఆ వాక్యంలో ముగింపు కనిపిస్తోందా లేదా అన్నది చూడాలి. వయసు, వేళ, వాతావరణం వంటివి కథకు నేపథ్యంగా ఉంటాయే తప్ప జరిగి ముగిసిన సంఘటనలు కావు కనుక, వాటికి మామూలుగా ఇంపర్ఫెక్టే వస్తుంది.

జవాబు 2:
పై జవాబుకు ఒక హెచ్చరిక చేర్చాలి. ఎంత సుదీర్ఘంగా సాగిన పనైనా, దాని మొత్తం వ్యవధిని లెక్కగట్టి చెబితే ‘కంతే’ రూపమే వస్తుంది: ‘కంతే సింకో అన్యోస్’, అంటే ఐదేళ్ళు పాడాను. ‘చాలాకాలం సాగింది కదా’ అని ఇక్కడ ‘కంతాబ’ రాయడం నేను ఎన్నోసార్లు చేసిన పొరపాటు. ‘కంతాబ’ అన్న ఒకే రూపం నేను, అతడు, ఆమె అందరికీ చెల్లుతుంది కాబట్టి, సందర్భం స్పష్టంగా లేకపోతే ‘యో’, ‘ఎల్’, ‘ఎయ’ చేర్చండి.

జవాబు 3:
‘కొమేర్’ (తినడం), ‘బిబిర్’ (జీవించడం) వంటి క్రియలకు కొమీఅ, బిబీఅ అని వస్తాయి; వీటి ‘ఈ’ మీద ఆరు రూపాల్లోనూ ఒత్తి పలకాలని చూపే గుర్తు (´) రాయాలి. ‘కంతార్’ రకానికి ‘కంతాబమోస్’లో మాత్రమే అది ఉంటుంది. ఈ కాలంలో పద్ధతి తప్పే క్రియలు సేర్ (ఉండడం), ఈర్ (వెళ్ళడం), బేర్ (చూడడం) మూడే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ‘తెనీఅ దియేస్ అన్యోస్ కువాందో కంతే పోర్ ప్రిమేర బేస్’, అంటే ‘మొదటిసారి పాడినప్పుడు నాకు పదేళ్ళు’ అని ఇప్పుడు తిరగరాశాను.