ఎస్తేరు అంటే నక్షత్రమా, ఇష్తారు దేవతా, ‘దాగినది’ అనా?

సందేహం_2:
పాపకి బైబిలులోని రాణి ఎస్తేరు పేరు పెడదామనుకుంటున్నాం. నక్షత్రం అని ఒకరు, బబులోను దేవత ఇష్తారు పేరని ఒకరు, హెబ్రీలో ‘దాగినది’ అని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజమండీ? ఆమె ఇంకో పేరు హదస్సా అని పెడితే ఈ గొడవ ఉండదా?

పాతప్రతి:
మూడింటినీ ఒకే గాటన కట్టకండి. ‘దాగినది’ అన్నది శ్లేష, వ్యుత్పత్తి కాదు. ద్వితీయోపదేశకాండము 31:18లో దేవుడు ముఖం దాచుకుంటాననే చోట హెబ్రీలో ‘హస్తేర్ అస్తీర్’ అని ఉంటుంది. దాన్ని ఎస్తేరుకి ముడిపెట్టింది యూదు పండితుల వ్యాఖ్యానాల సంకలనం తల్ముదు. ఆమె తన జాతిని దాచింది (ఎస్తేరు 2:10), హెబ్రీ మూలంలో ఎస్తేరు గ్రంథమంతా వెతికినా దేవుడి పేరు రాదు, అందుకే శ్లేష అతికింది. ప్రసంగానికి బాగుంటుంది, అంతవరకే.

నాకైతే నక్షత్రమే సబబు. కథ జరిగింది పారసీకుల షూషనులో. వాళ్ళ ‘స్తార’, ఉర్దూ సితారా, మన తార, అన్నీ ఒక్క వేరువే.

గొంజిరెమ్మ:
ఇష్తారుని అంత తేలిగ్గా కొట్టేయలేం పాతప్రతి గారూ. కథలో ఆమెను పెంచిన మొర్దెకై పేరులో బబులోను దేవుడు మర్దూకు కనబడుతున్నాడు కదా! ఆ దేవత పేరు హెబ్రీలో అయిన్, షీన్ అక్షరాలతో అష్తోరెతు అవుతుంది, ఎస్తేరు ఆలెఫ్, సామెఖ్‌తో మొదలవుతుంది, నిజమే. కానీ అష్షూరువాళ్ళ (అస్సీరియన్ల) నోట ‘ష’ ‘స’గా పలికేది. పరాయి నేలమీద రెండో పేరు పెట్టడం మామూలే: దానియేలుకి బెల్తెషాజరు.

హదస్సా (ఎస్తేరు 2:7) మాత్రం అచ్చ హెబ్రీ. ‘హదస్’ అంటే తెలుగు బైబిలులో గొంజిచెట్టు (జెకర్యా 1:8). మన అడవి గొంజి వేరు, ఇది మధ్యధరా తీరపు పొద. ఆకు నలిపితే ఘాటైన సువాసన, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సూదిపోట్లలా నూనె చుక్కలు. యూదుల పర్ణశాలల పండుగలో ఖర్జూరపు మట్టకి 3 గొంజిరెమ్మలు, 2 నిరవంజి (విల్లో) కొమ్మలు కలిపి కడతారు.

అక్షరదోషం:
ఏ పేరైనా ఇంగ్లిషు స్పెల్లింగు ముందే తేల్చుకోండి. ఎస్తేరులో టీ తర్వాత హెచ్ గ్రీకు ‘థేటా’ నుంచి వచ్చింది, పలకరు. పలకం కదా అని ఎగరగొడితే అది కెమిస్ట్రీ పుస్తకంలోని ఎస్టర్! హదస్సాకి రెండు ఎస్‌లు, చివర హెచ్. ఆస్పత్రి ఫారంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా పడితే తర్వాత పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు.